అమ్మ చీరతో కట్టిన తెర

బాపట్ల

ప్రియమైన రూతమ్మక్కకు,

ప్రభువు నామంలో నీ తమ్ముడు యాకోబు, సలోమి ఇద్దరూ చేస్తున్న వందనాలు.

నీ దగ్గు తగ్గిందా? బావగారి మోకాలికి రేపల్లె డాక్టరు రాసిచ్చిన నూనె పనిచేస్తోందా, లేక సీసా మూత కూడా తియ్యకుండా గూట్లో పెట్టి దణ్ణం పెడుతున్నారా? మన గుడి పైకప్పు పెంకులు సర్దించారా? వానలో అయ్యగారు గొడుగు పట్టుకుని ప్రసంగం చేశారని ఇక్కడికొచ్చిన లారీ అతను చెబితే నవ్వుకున్నాను గానీ, ఆ వాన చినుకుల కింద నేను లేనే అనిపించింది.

మా ఆరోగ్యాలు బాగున్నాయి. సలోమికి ఏడో నెల. బిడ్డ బాగా కదులుతోంది. రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ బెల్లం, తోటకూర తినమంది. తింటోంది. మా ఆరోగ్యాలు బాగున్నాయి. ఈ మాట రెండోసారి ఎందుకు రాస్తున్నానంటే, ముందుకు చదివేకొద్దీ నీకు అనుమానం వస్తుంది. బిడ్డకేమీ కాలేదు, సలోమికేమీ కాలేదు. తప్పు నా చేతుల్లో జరిగింది. ఇన్‌లాండ్ కవరు చాలదని కొట్లోంచి తెల్లకాగితాలు అడిగి తెచ్చుకున్నాను. బావగారికి చదివి వినిపించే ముందు నువ్వొక్కదానివే ఒకసారి చదువుకో అక్కా.

ముందు ఇక్కడి సంగతులు. నేను చేరింది గోనెసంచుల కొట్లోనని నీకు తెలుసుగదా. పొన్నూరు మిల్లుల నుంచీ మన రేపల్లె మిల్లుల నుంచీ పాత సంచులు లారీల మీద వస్తాయి. దులిపి, మంచివీ చిరిగినవీ వేరుచేసి, చిరిగినవాటిని దబ్బనంతో, పురికొసతో కుట్టాలి. సాయంత్రానికి నా మీసం కూడా గోనె రంగుకి తిరుగుతుంది. దబ్బనం పట్టీ పట్టీ చేతికి కాయలు కాచాయి. యజమాని మంచివాడే. ఆదివారం గుడికి వెళ్ళనిస్తాడు. సముద్రం దగ్గర కావటాన గాలి చల్లగానే ఉంటుంది గానీ, ఆ గాలిలో ఉప్పు గోడల సున్నాన్ని తినేస్తుంది. చేపలకు కొదవలేదు. నీ చేతి చింతకాయ పులుసు మాత్రం లేదు.

ఒంటరితనం గురించి రాయకూడదనుకున్నాను. మన పల్లెలో నేను నిలబడి వాక్యం చెబితే, తిట్టేవాడు కూడా పేరుపెట్టి తిట్టేవాడు. ఇక్కడ బస్టాండులో నిలబడి మారుమనస్సు గురించి గొంతు పగిలేలా చెప్పాను. ఒకాయన చాలాసేపు నా ఎదుటే నిలబడి శ్రద్ధగా విన్నాడు. ఒక ఆత్మ దొరికిందని నేను సంతోషపడేలోగా, "అయ్యిందాండీ? చీరాల బస్సు ఇక్కడే ఆగుద్దా?" అన్నాడు. ఆ రోజు ఇంటికి వచ్చి సలోమితో చెబితే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. అప్పుడు గమనించాను అక్కా, ఆమె నవ్వి చాలా రోజులయింది.

మేముంటున్నది అన్నపూర్ణమ్మగారనే పెద్దావిడ ఇంటి పెరట్లో ఉన్న పొడుగాటి గది. ఆవిడ రిటైరైన బడిపంతులు గారి భార్య. గదికి ఒకటే కిటికీ. ఒక కొస పొయ్యి, ఒక కొస మంచం, నడుమ నేను తెచ్చి పేర్చిన సంచులు. గోడల నిండా వాక్యాలున్న పాత క్యాలెండర్లు. వాక్యం ఉన్న కాగితాన్ని పారెయ్యకూడదని ఏ సంవత్సరానిది ఆ సంవత్సరం మేకుకి తగిలిస్తూ వచ్చాను గదా, వాటినీ మోసుకొచ్చాను. సలోమి పగలంతా ఆ గదిలో ఒక్కతే గోడవంక చూస్తూ కూర్చునేది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు కడుపు పండితే మొహం వెలగాలి గదా? "ఈ చీకట్లో బిడ్డని కనాలా?" అని ఒక్కసారే అంది. నేను వెంటనే పశువుల తొట్టిలో పుట్టిన ప్రభువు సంగతి ఎత్తుకున్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

అన్నపూర్ణమ్మగారు మాత్రం ఊరుకోలేదు. ఆవిడ వారపత్రికలో ఇల్లు సర్దుకునే శీర్షికలు చదివి కత్తిరించి దాచుకునే మనిషి. ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి, లోపలికి తొంగిచూసి, "ఏంటి బాబూ, ఇల్లా, గోడౌనా?" అంది.

"మాకిది చాలండి పిన్నిగారూ. ఇహలోకంలో మేం యాత్రికులం."

"యాత్రికులైతే సత్రంలో అయినా చాప దులుపుకుంటారు. డబ్బు ఖర్చుపెట్టమన్లేదు నేను. ఉన్నదాన్ని ఉన్నచోటు నుంచి కదపండి. మంచం కిటికీ కిందకి లాగండి. అమ్మాయి అద్దం కిటికీకి ఎదురుగోడకి పెట్టండి, వెలుగు రెట్టింపవుద్ది. ఆ గోనెసంచిని ఉతికి, అంచుకి ఎర్ర ఊలు కుట్టుకుంటే బ్రహ్మాండమైన పట్టా. ఖాళీ సీసాలో నీళ్ళుపోసి ఒక తీగ పెట్టండి. ఇంక ఆ క్యాలెండర్లు..."

"వాక్యాలండీ అవి!"

"అందుకే చెబుతున్నా. అన్నీ ఒక్కసారి అరుస్తుంటే ఏదీ వినపడదు. ఒక్కటుంచండి. దేవుడు మాట్లాడాలంటే గోడమీద కాస్త ఖాళీ ఉండాలి బాబూ."

సలోమి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎన్నాళ్ళకో నవ్వింది, అదీ నా మీద!

నా సంగతి నీకు తెలుసు. కోపం వచ్చింది. దేవుని మందిరం పాడైపోయి ఉంటే మీరు పలకలు కొట్టించుకున్న ఇళ్ళలో కూర్చుంటారా అని హగ్గయి ప్రవక్త గద్దించిన సంగతి ఎత్తాను. ఆవిడ హగ్గయి ఎవరో తెలియకపోయినా, "ఆయన మా కాంపౌండులో అద్దెకుండుంటే ముందు సున్నం వేయించమనేవాడు," అని వెళ్ళిపోయింది. ఆమె మీద గెలవాలని లేఖనం ముందేసుకుని కూర్చున్నాను. గెలుపు దొరకలేదు, అక్కా. షూనేమీయురాలు దొరికింది. ఎలీషా ప్రవక్త వస్తూపోతూ ఉంటాడని ఆ తల్లి గోడమీద చిన్న గది కట్టించి మంచం, బల్ల, పీట, దీపం అమర్చింది. నాలుగే వస్తువులు. ప్రవక్త ఆమెను గద్దించలేదు, దీవించాడు. ఆ దీవెన ఏమిటో తెలుసుగా, బిడ్డలేని ఆమెకు బిడ్డ! ఆ మాట చదివి నేను పుస్తకం మూసేసి సలోమి వంక చూశాను. ఈ పిచ్చిది ఇన్నాళ్ళూ అడిగింది ఆ నాలుగు వస్తువుల గదినే గదా అనిపించింది.

మర్నాటి నుంచి ఇల్లు మారిపోయింది. మంచం కిటికీ కిందకి చేరింది. అద్దం ఎదుటిగోడకి ఎక్కింది. ఆవిడ చెప్పింది నిజమే, ఉదయం ఎండ కిటికీలోంచి వచ్చి అద్దం మీద పడి పొయ్యి దాకా వెళుతుంది. మంచి సంచులు రెండు ఏరి తెచ్చి ఉతికితే సలోమి ఎర్ర ఊలుతో అంచు కుట్టింది. కాలు పెడితే గరుగ్గా, వెచ్చగా, మన కళ్ళంలో నిలబడ్డట్టు ఉంటుంది. అలమర అరల్లో న్యూస్‌పేపరు పరిచి, వేలాడే అంచుని కత్తెరతో పూలుగా కత్తిరించింది. హాస్టల్లో నేర్చుకున్న క్రోషియా మళ్ళీ పట్టి చెంబుమీదికి ఒక మూత అల్లింది. విరిగిన గాజుల్ని దీపం మీద కాల్చి వంచి గొలుసుగా తగిలించి కిటికీకి కట్టింది. గాలి వచ్చినప్పుడు అది చేసే చప్పుడు విని "మీ ప్రసంగం కంటే మెత్తగా ఉంది," అంది. నేను కూడా నవ్వాను. గోడమీద ఒకే వాక్యం మిగిలింది. ఇప్పుడు దాన్ని రోజూ చదువుతున్నాను. అంతకుముందు ఏదీ చదవలేదని అప్పుడు తెలిసింది.

మీరక్కడ మట్టి అరుగుమీద పడుకుంటుంటే మేమిక్కడ అద్దాలూ గాజుల గొలుసులూ పెట్టుకుని కులుకుతున్నామని అప్పుడే మనసులో ముల్లు గుచ్చుకుంది. అక్కడితో ఆగి ఉంటే ఆ ముల్లుతోనే పోయేది. నేను ఆగే రకాన్ని కాదని అమ్మ ఎప్పుడూ అనేది గదా. "వీడికి నిప్పు రాజేస్తే అన్నం ఉడకడంతో సరిపెట్టుకోడు, ఇల్లు కూడా తగలెడతాడు" అని.

సంఘపెద్దలు ఇంటి ప్రార్థన కూటం మా ఇంట్లో పెట్టమన్నారు. కొత్త ఊళ్ళో మొదటి కూటం. చెల్లెలికి ఒంట్లో బాగోలేదని సలోమి అప్పటికే పొన్నూరు వెళ్ళింది. జనం వచ్చి కూర్చుంటే మంచం, పక్కబట్టలు కనపడతాయి. నడుమ తెర ఉంటే బాగుండునని ఆలోచిస్తూ, మోషే కాలంలో దేవుడు తనకోసం కట్టించుకున్న ప్రత్యక్షపు గుడారం సంగతి తీశాను. ఎంత చక్కగా చెప్పాడు దేవుడు! ఏ రంగు నూలు వాడాలి, ఎన్ని తెరలు ఒకదానికొకటి కూర్చాలి, తగిలించటానికి అంచుకి కొలుకులు ఎక్కడ పెట్టాలి. గుడారం పనికి బెసలేలు అనే పనివాడికి తన ఆత్మనే ఇచ్చాడు. తెర కుట్టడం కూడా ఆత్మ వరమే అని నాకు ఒళ్ళు పొంగింది. బట్ట కోసం సలోమి పెట్టె తెరిచాను. అడుగున పాత తువ్వాలులో చుట్టి ఒక చీర ఉంది. సలోమి కట్టగా నేను ఎప్పుడూ చూడలేదు. నీలం చీర, ఎర్ర అంచు, వంగపండు రంగు కొంగు. నీలం, ధూమ్రం, రక్తవర్ణం! గుడారానికి చెప్పిన మూడు రంగులూ మడతపెట్టి నాకోసమే దాచినట్టుగా ఉన్నాయి. మోకాళ్ళ మీద పడి స్తోత్రం చెప్పాను అక్కా. స్తోత్రం చెప్పి, కత్తెర తీశాను.

ఐదు తెరలుగా కత్తిరించాను. కలరా ఉండల వాసన కొడుతోందని సోడావేసి ఉతికాను. పై అంచుకి గోనెపట్టీ వేసి, నాకు తెలిసిన ఒకే కుట్టు, దబ్బనం కుట్టు, పురికొసతో వేశాను. కొలుకులు పెట్టాను. తాడుకి ఎక్కించాను. ఎంత అందంగా ఉందంటే, నేను ఆ రోజు మూడుసార్లు బయటికి వెళ్ళి కొత్తవాడిలా లోపలికి వచ్చి చూసుకున్నాను.

కూటం జరిగింది. తెర ముందు నిలబడి గుడారం గురించి చెప్పాను. బస్టాండులో పలకని మనుషులు ఆమేన్ అన్నారు. ఆడవాళ్ళు తెర అంచు పట్టుకుని చూశారు. ఒకావిడ "మాకూ ఇలా చెయ్యొచ్చాండీ?" అని అడిగింది. అన్నపూర్ణమ్మగారు గుమ్మంలోంచే, "బాబూ, మీరు నాకంటే ముదిరిపోయారే!" అంది. నా గుండె ఉబ్బింది.

మర్నాడు మధ్యాహ్నం బండికి సలోమి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పి, చేతిసంచి దింపి, తలెత్తి చూసింది. నేను మెచ్చుకుంటుందని పక్కన నిలబడ్డాను.

"ఎక్కడిదండీ ఆ బట్ట?"

"నీ పెట్టెలోదే. అడుగున పడుంది. ఎలా ఉంది?"

"కత్తిరించారా?"

"ఐదు తెరలు. ఆ కొలుకులు చూడు, లేఖనంలో ఉన్నట్టే..."

"అది అత్తమ్మ చీరండి."

"ఏ అత్తమ్మ?" అన్నాను.

అక్కా, ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. ఏ అత్తమ్మ అని అడిగాను.

"మీ అమ్మ," అంది సలోమి. "బల్ల ఆదివారం నాడు కట్టుకునేది. వదిన దాచి, ఈస్టరుకి వెళ్ళినప్పుడు నా చేతికిచ్చింది, బిడ్డ పుట్టాక మొదటి ఉయ్యాల కట్టమని. మీకు చెప్పొద్దంది." దగ్గరికి వెళ్ళి ఒక తెర మొహానికి ఆనించుకుంది. "సోడా వేశారా?"

"వాసన కొడుతుంటే..."

"సరే. ఇంక వాసన చూడక్కర్లేదు."

ఏడిస్తే బాగుండేది. ఏడవలేదు. పొయ్యి దగ్గరికి వెళ్ళి నాకు టీ పెట్టింది.

నాకెందుకు చెప్పొద్దన్నావో నాకు తెలుసక్కా. అమ్మ పోయిన మూడోనాడు అమ్మ బట్టలన్నీ నేనే మూటగట్టించాను. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఇవ్వాలి, చచ్చినవారి గుడ్డలు పట్టుకుని ఏడవటం అన్యుల పద్ధతి అని నీ ముందు గర్జించాను. నువ్వు నా నోటికి భయపడి ఒక్క చీర దొంగలా దాచుకున్నావు. మన సొంత అమ్మ చీర! దొర్కా చనిపోయినప్పుడు విధవరాళ్ళు ఆమె కుట్టిన అంగీలు పట్టుకుని ఏడుస్తూ పేతురుకి చూపించారు. పేతురు వాళ్ళను గద్దించాడా? లేదు. ఈ సంగతి ఎన్నిసార్లు చదివాను! పాతబట్టకి కొత్త మాసిక వేస్తే చిరుగు పెద్దదవుతుందన్న ప్రభువు మాట మీద ఎన్ని కూటాల్లో చెప్పాను! ఆ మెత్తటి నూలుకి గోనెపట్టీ వేసి, సంచులు కుట్టే దబ్బనంతో పొడిచాను. ప్రతి కుట్టు దగ్గరా ఒక కన్నం, ఒక్కొక్క కన్నం దగ్గర ఒక చిరుగు. సిలువ కింద కూర్చున్న ఆ సైనికులకి కూడా ప్రభువు కుట్టులేని అంగీని చింపొద్దన్న తెలివి ఉంది. చీట్లు వేసుకున్నారే గాని చింపలేదు. వాళ్ళకంటే తక్కువైపోయాను.

చింపటం కంటే పెద్ద తప్పు ఒకటి ఉంది. అది రాయటానికే నాలుగు కాగితాలు చింపాను. నేను ఆ చీరను గుర్తుపట్టలేదు. అన్నేళ్ళు, ప్రతి బల్ల ఆదివారం అమ్మ అదే కట్టుకుని రొట్టె, ద్రాక్షరసం తీసుకోవటానికి నా పక్కన మోకరించింది. నేను కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థన చేసేవాణ్ణి. అమ్మ ఏం కట్టుకుందో ఎప్పుడు చూశాను? దేవుడు కళ్ళిచ్చింది మూసుకోవటానికే అనుకున్నాను.

తెర దింపేశాను. అన్నపూర్ణమ్మగారికి సంగతి తెలిసి వచ్చింది. "ఇల్లు సర్దమన్నాను గానీ బాబూ, పెట్టెలు తెరవమన్నానా?" అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేసింది. ఒక ముక్కను చేత్తో లాగి చూసి, "ఉయ్యాలకి ఏకబట్ట కావాలి. ఇది మోయదు," అంది. సలోమి అప్పుడు నోరు విప్పింది. "బొంత కుడదామండి. మోయకపోతే ఏం, బిడ్డకింద పరుద్దాం."

ఇప్పుడు కొట్టు నుంచి వచ్చాక రోజూ ఆ పనిమీదే ఉన్నాను. గోనెపట్టీలు విప్పేశాను. సలోమి సన్నసూది ఇచ్చింది. దబ్బనం పట్టిన చేతికి అది ఆనటం లేదు. ఎంత మెల్లగా కుట్టినా వరస వంకరపోతోంది, వేళ్ళు పొడుచుకుంటున్నాయి. ఆమె పక్కన కూర్చుని "ఇంకా సన్నగా, ఇంకా సన్నగా," అంటూ ఉంటుంది. నన్ను క్షమించిందో లేదో అడిగే ధైర్యం లేదు.

కొంగు ఉన్న తెర మీద మాత్రం నేను సూది పెట్టలేదు. ఎందుకో చెబుతాను. దాని మూల ఒక మాసిక ఉంది. దీపం అంటుకుని కాలినచోట అమ్మ వేసిన మాసిక. బియ్యపు గింజ కంటే సన్నని కుట్లు. నా బడి చొక్కా మోచేతి దగ్గర వేసినవి ఇవే కుట్లక్కా. చొక్కా వేసుకునేటప్పుడు రోజూ చూసేవాణ్ణి. చీరను గుర్తుపట్టనివాణ్ణి, ఆ కుట్లను వెంటనే గుర్తుపట్టాను. దాన్ని పట్టుకుని కూర్చున్నాను చాలాసేపు. అన్యుల పద్ధతిలోనే ఏడ్చాను.

ఇదీ సంగతి. పురిటికి వస్తానన్నావు. ఈ ఉత్తరం చదివాక రాబుద్ధి కాకపోతే నిన్ను తప్పుపట్టే నోరు నాకు లేదు. కానీ సలోమికి తల్లి లేదు, నువ్వే దిక్కు. నా మొహం చూడటం ఇష్టం లేకపోతే నీవున్నన్నాళ్ళూ నేను కొట్లో సంచుల మీద పడుకుంటాను. తెనాలిలో బండి మారేటప్పుడు జాగ్రత్త, నీ మూట ఎవరి చేతికీ ఇవ్వకు. నాకు కబురు పెడితే తెనాలి దాకా వచ్చి నిలబడతాను. వచ్చేటప్పుడు బొంత లోపలి పొరకి నీ పాత చీర ఒకటి, బావగారి పాతపంచె ఒకటి తీసుకురా. నీ చీర నువ్వే కత్తిరించు. కత్తెర నేను ముట్టను. అమ్మ మాసిక ఉన్న ముక్క బిడ్డ తలకింద రావాలా, గుండె కింద రావాలా, నువ్వే చెప్పాలి. ఆ చోటు ఖాళీగా ఉంచాను. కిటికీకి కూడా ఏమీ కట్టలేదు. గాజుల గొలుసు ఒక్కటే ఉంది.

బావగారికి నా వందనాలు. అయ్యగారికి, అమ్మగారికి, సంఘంలో పెద్దలందరికీ పేరుపేరునా వందనాలు చెప్పు. ఈ ఆదివారం ప్రార్థనలో నా పేరు ఎత్తమను, కారణం చెప్పకు. నీ కాళ్ళు ముట్టుకునే దూరంలో లేను, అందుకని ఈ కాగితం మీదే తల వంచుతున్నాను. నీ దీవెన బిడ్డకు ముందు, నాకు మిగిలితే తర్వాత.

ప్రభువునందు నీ తమ్ముడు,
యాకోబు

వదినా, సలోమిని. ఉత్తరం నన్ను చదవమన్నారు, చదివాను. ఆయన కుట్టిన మొదటి వరస మరీ వంకరగా ఉంది. విప్పి మళ్ళీ కుడతానన్నారు. వద్దన్నాను. బిడ్డ పెద్దయ్యాక ఈ వరస మీ నాన్నదీ, ఈ మాసిక నాయనమ్మదీ అని చెప్పాలి గదా. మధ్యలో నీ వరస లేకపోతే ఏం చెప్పను? త్వరగా రా.